మూడిళ్ళ కారు కింది చప్పుడు

జూన్ 3, మంగళవారం

సముద్రపు పోటు మూడో వీధి దాకా వచ్చి తగ్గింది. మంచినీళ్ళు పదకొండు బిందెలు. వంట తోటకూర పప్పు, వడియాలు.

బయట తిరగొద్దనే ఎండ సైరన్ మోగడానికి పది నిమిషాల ముందు కారు తిరిగొచ్చింది. ఈయన్ని పంపుహౌసు దగ్గర దింపి ఖాళీగా వస్తోంది. నేను వరండాలో బియ్యం ఏరుతున్నాను. వీధి మొదట్లో గతుకు ఉంది. అక్కడ కారు కింద నుంచి చప్పుడు వచ్చింది. పప్పు పొంగేటప్పుడు గిన్నె మీద సరిగ్గా కూర్చోని మూత కొట్టుకుంటుందే, అలాంటిది. మూడుసార్లు కొట్టుకుని ఆగింది.

నిన్న ఇదే కారులో మా అమ్మాయి మృదులను ఘాటు రోడ్డు మీదుగా కొండ మీది కోనపేట ఆసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చాను. ఏమీ వినిపించలేదు. వినిపించదు కూడా. లోపల కూర్చున్నవాళ్ళకు చప్పుళ్ళు తెలియకుండా కారే తుడిచేస్తుంది. అందుకే నాకు మొదటి అనుమానం చప్పుడు మీద కాదు, నిశ్శబ్దం మీద వచ్చింది.

"కింద ఏదో మోగుతోంది. ఏమిటది?" అని అడిగాను.

"నెల తనిఖీ గురువారం ఉందమ్మా. అప్పటిదాకా నా దగ్గర సమాధానం లేదు" అంది కారు.

మృదులకు ఎనిమిదో నెల నిండింది. బిడ్డ అడ్డంగా ఉంది. పద్దెనిమిదో తేదీన ఆపరేషన్ చేస్తామని డాక్టరు నిన్ననే చీటీ రాసిచ్చింది. ఘాటు ఎక్కడానికి ఇంటికి నెలకొక చీటీ, మాది నిన్నటితో అయిపోయింది. ఇది ఆసుపత్రి చీటీ కాబట్టి విడిగా ఇచ్చారు, అదీ ఆ ఒక్క రోజుకే. అంబులెన్సు కిందికి దిగాలంటే సముద్రం వెనక్కి తగ్గే పాటు రావాలి, అనుమతి రావాలి. పోయిన నెల ఐదో వీధికి అది రెండో రోజున వచ్చింది. పక్క వీధుల కార్లు వాళ్ళ ఇళ్ళవాళ్ళను తప్ప ఎక్కించుకోవు. మాకున్నది ఈ ఒక్క కారు, అదీ మూడిళ్ళకు కలిపి.

జూన్ 4, బుధవారం

బుధ, గురువారాలు పైడితల్లి వంతు. మా పక్కిల్లే. దుప్పట్లు కుట్టి కొండ మీద సంతకు వేస్తుంది. కారు వెళ్ళేటప్పుడు గతుకు దగ్గర విన్నాను. చప్పుడు ఉంది. వచ్చేటప్పుడూ ఉంది. వచ్చేటప్పుడు కాస్త ఎక్కువ. మూటలు దించేశాక తేలికైంది కాబట్టి అలా అయి ఉండవచ్చు, కాకపోయి ఉండవచ్చు. రెండూ రాసిపెట్టాను.

పద్దెనిమిది బుధవారం పడింది. ఆ రోజు మాకివ్వమని అడగడానికి వెళ్ళాను. ఎలా అడగాలో దారిలో నాలుగు రకాలుగా అనుకున్నాను. నోరు తెరవకముందే పైడితల్లి, "తీసుకోయక్కా, దానికడగాలేటి?" అనేసింది.

పైడితల్లి పచ్చిమిరపకాయలు నాలుగు అప్పిచ్చినా ఐదోది మర్చిపోకు అనే మనిషి. అడక్కుండానే రోజంతా ఇచ్చేసింది. ఇంటికొచ్చి చారు పోపు పెడుతూ కూడా అదే ఆలోచించాను.

జూన్ 7, శనివారం

శుక్ర, శనివారాలు ఆదిబాబు మాస్టారి వంతు. బడి మానేశాక ఉప్పు చెరువులో బాతులు పెంచుతున్నారు. వెనక సీటు మడిచి బాతుల పంజరాలు పెడతారు. చప్పుడు పంజరాలదేమోనని దగ్గరుండి దింపించాను.

"మాస్టారూ, ఈ కొక్కేలు వదులుగా ఉన్నాయేమో చూడండి."

"హైమవతిగారూ, వదులుగా ఉంటే బాతులుంటాయాండీ? ఈపాటికి మీ వరండాలో గుడ్లు పెట్టేవి."

పంజరాలు లేకుండా కారును గతుకు దాకా పంపి రప్పించాను. చప్పుడు ఉంది. మాస్టారి పేరు కొట్టేశాను. ఆయన కూడా విన్నారు. విని, "ఇది నిన్నా మొన్నటిది కాదండీ" అన్నారు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? అడిగితే, "మీరు రోజూ పద్దు పుస్తకం రాస్తారు కదా, మీకు తెలిసే ఉంటుందనుకున్నాను" అన్నారు.

జూన్ 8, ఆదివారం

ఆదివారం కారుకు సెలవు. మూడిళ్ళ మంచినీళ్ళ మిషను మా పెరట్లో ఉంది కాబట్టి కడిగే పని మొదటి నుంచీ నాదే. పైన మంచినీళ్ళు రెండు బిందెలు, గుడ్డతో. కింద మిషను వదిలేసిన నీళ్ళు నాలుగు బిందెలు, పైపుతో. లోపలి చాపలు దులిపాను. సీట్ల కింద దొరికినవి: బాతు ఈకలు, పైడితల్లి సూది, మా ఆయన కళ్ళజోడు కాలు. మోగే వస్తువు ఒక్కటీ లేదు.

ఖాళీ కారును పెరట్లో ముందుకూ వెనక్కూ నడిపించాను. చప్పుడు ఉంది. అంటే అది కారుదే, సామానుది కాదు.

కారు నిలిపే చోట నీళ్ళు ఆరాక బియ్యప్పిండితో చుక్కలు లేకుండా ఒక పెద్ద పలక ముగ్గు వేసి లోపలంతా తెల్లగా నింపాను. దాని మీద కారును నిలిపించాను.

"అమ్మా, కారు కింద ముగ్గేమిటి? పొట్ట పట్టుకుని నవ్వలేను, నొప్పి" అంది మృదుల.

"నవ్వకు. నీ కోసమే."

జూన్ 9, సోమవారం

పొద్దున్నే కారును వీధిలోకి పంపి చూశాను. ముగ్గులో కుడి వైపు, వెనక చక్రానికి జానెడు ముందు, తుప్పు రాలి ఉంది. చిటికెడు. వేలితో నలిపితే ఎర్రగా అంటుకుంది. ఎడమ వైపు ఒక తెల్లటి పెచ్చు కూడా ఉంది, కానీ పిండిలో కలిసిపోయింది.

గురువారం తనిఖీ గుర్తొచ్చింది. కారు తలుపు మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోంది. అంటే తనిఖీ అయింది, ఫిర్యాదు లేదు. ప్రశ్న మార్చి అడిగాను.

"తనిఖీలో ఏదైనా దొరికిందా?"

"దొరికిందమ్మా. కింద ఒక చోట వదులు. డిపోకి పంపమంటారా అని వంతున్న ఇంటిని అడిగాను. వద్దన్నారు."

"ఎవరు?"

"ఒక ఇంటి మాట ఇంకో ఇంటికి చెప్పను."

గురువారం ఎవరి వంతో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైడితల్లి. అడక్కుండానే బుధవారం ఎందుకిచ్చిందో తెలిసింది అనుకున్నాను. తనిఖీకి ముందే ఆమె చప్పుడు విని ఉండాలి. ఆ బండి ఘాటు మీద తన వంతులో విరగడం ఆమెకు ఇష్టం లేదు. నా వంతులో విరిగితే ఫరవాలేదు.

"ఎంత ప్రమాదం?" అని అడిగాను.

"చూస్తే గాని చెప్పలేరమ్మా. డిపోవాళ్ళు చూడాలి."

"నువ్వు చూడలేవా?"

"నా కింద నాకు కళ్ళు లేవు. మీరు పంపమంటే ఇప్పుడే పంపుతాను. అరగంటలో వచ్చి తీసుకెళ్తారు. తిరిగి రావడానికి నలభై రోజులు."

ఇంకా తొమ్మిది రోజులుంది. పంపితే మృదులకు కారు లేదు. పంపకపోతే కింద ఏముందో తెలియని కారులో పదకొండు మలుపులు ఎక్కాలి. ఆలోచించి చెబుతానన్నాను. అన్నం మాడింది. మాడిందని రాయడం ఈ పుస్తకంలో ఇదే మొదటిసారి.

జూన్ 10, మంగళవారం

కారును జాకీతో ఎత్తితే ఒరిగిందని డిపోకి కబురు పోతుంది. కాబట్టి ఎత్తకుండా చూడాలి. వీధి చివర వాననీటి కాలువ ఎండిపోయి ఉంది. అటు రెండు చక్రాలు, ఇటు రెండు చక్రాలు పడేలా కారును కాలువ మీద నిలిపించాను. చీరతో కాలువలో దిగడం కుదరదు. మా ఆయన ప్యాంటు వేసుకున్నాను. మాస్టారు దారిన పోతూ చూసి తల తిప్పుకుని, "నేనేం చూడలేదండీ" అని గట్టిగా చెప్పి వెళ్ళారు.

ముందు వినడం. అట్లకాడ కొసను కారు అడుగు రేకుకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు ఆనించాను. పైన మృదుల కూర్చుని సీటు మీద చేత్తో కొట్టింది. కొట్టినప్పుడల్లా ఒక్కో చోట విన్నాను. ముందు భాగం గట్టిగా పలికింది. వెనక కుడి మూల పగిలిన కుండలా పలికింది. బ్యాటరీ కింద కాపుగా ఒక పెద్ద రేకు ఉంది. ఎనిమిది బోల్టులు ఉండాలి. మూడు లేవు. రెండు అగ్గిపుల్లంత సన్నమయ్యాయి. మూడు బాగున్నాయి. రేకు కుడి మూల వేలాడుతోంది. పెద్ద గతుకులో అది ఊడి రోడ్డుకు తగిలితే బ్యాటరీ ఒరుసుకుంటుంది. అదీ ఘాటు మీద.

బోల్టుల చుట్టూ తెల్లగా పెచ్చు కట్టి ఉంది. ఒకటి గిల్లి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు.

ఈ కాలనీలో కారును సముద్రం వైపు తీసుకెళ్ళకూడదన్నది మొదటి నియమం. పైకి వచ్చి చెయ్యి కడుక్కోకుండానే అడిగాను. "నీ చక్రాలకు సముద్రపు నీళ్ళు తగిలాయా?"

"ఒకసారి తగిలాయమ్మా. మేలో. మూడు నిమిషాలు."

"ఎవరి వంతులో?"

చెప్పలేదు. గురువారం వద్దన్న ఇల్లే అయి ఉండాలి.

జూన్ 11, బుధవారం

పైడితల్లి కుట్టుమిషను దగ్గర ఉంది. నేను కూర్చోలేదు.

"మేలో సముద్రం దగ్గరికి వెళ్ళావా?"

సూది ఆగింది. "నెత్తళ్ళ సేపలకెల్నానక్కా. ఒక్కపాలి. పోటొచ్చేసింది. సక్రం మునగనేదు, సగం దాకానే."

"గురువారం తనిఖీలో కారు అడిగితే వద్దన్నావు."

"అన్నాను."

"నీ తప్పు బయటపడుతుందని నా కూతుర్ని ఆ కారులో ఎక్కిస్తావా? బుధవారం కూడా ఇచ్చేశావు, నీ వంతులో విరక్కుండా!"

పైడితల్లి లేచి నిలబడింది. ఆమె నాకంటే పొట్టి. అయినా నేనే వెనక్కి జరిగాను.

"కారు తీసుకెల్పోతే మృదులమ్మని దేంట్లో ఎక్కిస్తావు, నీ సాటలోనా? నలబై రోజులంట! నువ్వే కదా ఆస్పత్రి నుంచొచ్చిన సోమవారం పద్దెనిమిదని సెప్పావు, బిడ్డ అడ్డంగుందని ఏడ్సావు. ఆ కారు నన్నడిగితే నాకేటి గుర్తొస్తాది? నా తప్పా, డిపోనా? పద్దెనిమిదే గుర్తొచ్చింది. వద్దన్నాను. పురుడయ్యాక నానే నా పేరు సెప్పి పంపించేద్దామని అనుకున్నాను. ఆర్నెల్లు వంతు పోతాదని తెలీదేటి నాకు?"

కారు చెడడానికి కారణమైన ఇంటికి ఆరు నెలలు వంతు ఉండదు. ఆరు నెలలు కొండెక్కకపోతే ఆమె దుప్పట్లు ఎవరు కొంటారు?

"ఏటో చిన్న రేకు అనుకున్నాను" అని ఆమె మళ్ళీ కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది. "సముద్రం మూడు నిమిషాల్లో తినేసిందేటక్కా?"

నేను ఇంటికి వచ్చేశాను.

జూన్ 12, గురువారం

ఆ ప్రశ్న రాత్రంతా వదల్లేదు. మూడు నిమిషాలు. సగం చక్రం. చక్రం తడిస్తే పైనున్న బోల్టును తుప్పు ఎందుకు తింటుంది?

పొద్దున్న ఇల్లు తుడవడానికి బకెట్టు తీశాను. అంచు చుట్టూ తెల్లటి పెచ్చు. మామూలే. ఉప్పునీళ్ళలోంచి మంచినీళ్ళు తీసుకుని మిషను వదిలే నీళ్ళు ఆరితే అలాగే కడుతుంది. గిల్లి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు, ఆ వెనక చేదు. మిషను గొట్టాలు పూడుకుపోకుండా వేసే మందు చేదు అది. సముద్రంలో ఆ చేదు ఉండదు. పెరట్లోకి వెళ్ళి కారు కింద చెయ్యి పెట్టి ఇంకో పెచ్చు గిల్లాను. మంగళవారం ఉప్పు తెలియగానే ఉమ్మేశాను, అందుకే తెలియలేదు. ఈసారి ఉంచుకున్నాను.

చేదు.

పాత పుస్తకం తీశాను. పోయిన ఆగస్టు పదకొండున నా చేతి రాతే ఉంది: "కారు కింద కడగడానికి మంచినీళ్ళు దండగ. నేటి నుంచి వదిలిన నీళ్ళు. వారానికి నాలుగు బిందెలు మిగులు." కింద గీత కూడా గీశాను. నలభై మూడు వారాలు. పైన కనిపించే ఒళ్ళంతా మంచినీళ్ళతో తుడిచి, కనిపించని చోట సముద్రం కంటే మూడింతలు ఉప్పున్న నీళ్ళు పైపుతో కొట్టాను. ప్రతి వారం. శ్రద్ధగా.

పైడితల్లికి చెప్పాలి.

చెప్పలేదు. చెబితే బుధవారం వెనక్కి తీసుకుంటుందేమో. నిన్న నేను అన్న మాటలకు నేనైతే తీసుకుంటాను.

జూన్ 15, ఆదివారం

కారు కడగలేదు. ఎండగా ఉందని చెప్పాను. పైడితల్లి గోడ మీద నుంచి, "నాను కడగనా అక్కా? నా వల్లే కదా" అంది. వద్దన్నాను. ఈ పుస్తకంలో నేను ఎన్నడూ లేనిది రాయలేదు. ఉన్నది చెప్పకపోవడం ఏ పద్దు కింద వస్తుందో తెలియదు.

జూన్ 16, సోమవారం

మళ్ళీ కాలువ. ఈసారి ఈయన కూడా దిగారు. పంపుహౌసులో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషికి బోల్టు చూస్తే చాలు కొలత తెలుస్తుంది. మన మిషను స్టాండుకున్న స్టీలు బోల్టులు సరిపోతాయన్నారు. నాలుగు విప్పి తెచ్చాము. మిషను ఇటుకల మీద పడుకుని సగం నీళ్ళు ఇస్తోంది. మూడిళ్ళకూ ఈ వారం సగమే.

ఆయన పానా తిప్పుతూ తుప్పు తిన్న బోల్టు ఒకటి వేళ్ళతో విరిచారు. వాసన చూశారు.

"ఇది సముద్రం తిన్నది కాదు హైమా."

"నాకు తెలుసు."

"పైడితల్లికి తెలుసా?"

"పద్దెనిమిది దాటనివ్వండి."

ఆయన విరిగిన బోల్టు నా చేతిలో పెట్టి మళ్ళీ పానా తిప్పారు. ఐదో బోల్టు దొరకలేదు. అక్కడ ఇనుప తీగ మూడు పేటలు వేసి మెలిపెట్టాము. సాయంత్రం గతుకు మీద నడిపిస్తే చప్పుడు రాలేదు. ఐదుసార్లు నడిపించాను. రాలేదు. రాకపోయినా నమ్మకం కుదరలేదు.

జూన్ 18, బుధవారం

ఇది కోనపేట ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను.

ఆరింటికి బయల్దేరాము. ముందు మా ఆయన, వెనక మృదుల, నేను. నిశ్శబ్దం ఆపమని కారుకు చెప్పాను.

"లోపల చప్పుడు ఎక్కువగా ఉంటుందమ్మా. గర్భవతికి ఇబ్బంది."

"ఆపు."

టైర్ల హోరు, గాలి, ఎక్కడో నీళ్ళ చప్పుడు. ఇన్నేళ్ళలో ఈ కారు అసలు గొంతు వినడం అదే మొదలు. మూడో మలుపు దగ్గర ఆపించి దిగి చెయ్యి పెట్టి చూశాను. గట్టిగా ఉంది. ఆరో మలుపు దగ్గర మళ్ళీ దిగాను.

"అమ్మా, నువ్వింకోసారి దిగితే నేనిక్కడే కనేస్తాను" అంది మృదుల. నవ్వుతూనే అంది. ఏడో మలుపు దాటాక నవ్వడం లేదు. నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టు చూస్తే తెలిసింది, నొప్పులు మొదలయ్యాయి. అడ్డంగా ఉన్న బిడ్డతో నొప్పులు రాకూడదని డాక్టరు రెండుసార్లు చెప్పింది. అందుకే తేదీ ముందుగా పెట్టింది.

తొమ్మిదో మలుపులో కింద టక్ మంది. తర్వాత టక్ టక్. ఈయన వెనక్కి తిరిగి నన్ను చూశారు.

"ఆపమంటారా అమ్మా?" అంది కారు.

ఆపితే దిగి చూడవచ్చు. చూసి ఏం చేస్తాను? తీగ మళ్ళీ మెలిపెట్టాలంటే పది నిమిషాలు. మృదుల గోళ్ళు నా మణికట్టులో దిగాయి. కళ్ళు మూసుకుని విన్నాను. మొన్నటిది మూత చప్పుడు, రేకంతా కొట్టుకునే చప్పుడు. ఇది ఒక్క మూల చప్పుడు. కుడి వెనక, తీగ ఉన్న చోట. మిగతా ఏడూ పలకడం లేదు. తీగ తెగింది. బోల్టులు నిలబడ్డాయి. నిలబడ్డాయనే అనుకున్నాను.

"ఆపకు. గతుకుల దగ్గర నెమ్మదిగా పో. మిగతా చోట ఎంత పోగలవో అంత పో."

పదో మలుపు. టక్ టక్. పదకొండు. నేను దేవుణ్ణి తలచుకోలేదు. బోల్టులు లెక్కపెట్టుకున్నాను, ఒకటి నుంచి ఏడు దాకా, మళ్ళీ ఒకటి నుంచి.

ఆసుపత్రి గేటులో స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే మృదుల, "అమ్మా, అది ఇంకా మోగుతోందా?" అని అడిగింది. లేదన్నాను. పదిన్నరకు ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందలు. ఇద్దరూ బాగున్నారు. అల్లుడు వాళ్ళ ఊరు నుంచి వచ్చి, పిల్లను ఎత్తుకోవడం చేతకాక నా చేతుల్లో పెట్టాడు. కాసేపు ఎత్తుకున్నాను. తర్వాత బయటికి వెళ్ళి కారు కింద చూశాను. తీగ తెగి వేలాడుతోంది. ఏడు బోల్టులు ఉన్నాయి.

జూన్ 23, సోమవారం

మృదులను ఆసుపత్రి నుంచి కొండ మీదే అత్తవారింటికి పంపేశాను. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని పట్టుబట్టి కిందికి తెచ్చింది నేనే. కొండ మీదే ఉంచండి అని అల్లుడు మొదటే అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది.

పొద్దున్న పైడితల్లి తనంతట తానే వచ్చింది. జడలో పువ్వులు పెట్టుకుని, మంచి చీర కట్టుకుని, పరీక్షకు వచ్చినట్టు వచ్చింది. మాస్టారిని కూడా పిలుచుకొచ్చింది. తన పేరు చెప్పేటప్పుడు మూడిళ్ళవాళ్ళూ ఉండాలనుకుంది కాబోలు.

"పంపించెయ్యక్కా. తీగతోటి ఎన్నాళ్ళు తిరుగుతాది? పాప ఒచ్చేసింది కదా."

కారు అడిగింది, "కారణమైన ఇల్లు ఏదమ్మా?"

పైడితల్లి బొటనవేలు చీరకు తుడుచుకుని ముందుకు జరిగింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"నాది" అన్నాను. "ఆగస్టు నుంచి నలభై మూడు వారాలు కింద మిషను వదిలిన నీళ్ళతో కడిగాను. నాలుగు బిందెల చొప్పున. బోల్టులను తిన్నది ఆ నీళ్ళు. సముద్రం కాదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కారు నా వేలు అడిగింది, పెట్టాను. ఆకుపచ్చ దీపం ఎర్రబడింది.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది పైడితల్లి. అక్కా అనలేదు.

"పన్నెండున."

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పదకొండు రోజులు. పదకొండు రోజులు నన్నేడిపించావు. దేవుడి ముందు దీపం ఎట్టినాను తెల్సా, నా నెత్తళ్ళ కోసం ఓ పిల్ల పేణం మీదకి తెచ్చానని?"

"బుధవారం ఇవ్వవేమోనని భయపడ్డాను."

"ఇయ్యనా? నాను?" అంది. అరవలేదు. అరిస్తే ఓర్చుకునేదాన్ని. పువ్వులు తీసి మా వరండా గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. అరగంటలో డిపోవాళ్ళు వచ్చి కారు తీసుకెళ్ళారు.

ఆగస్టు 6, బుధవారం

పోటు రెండో వీధి దాకా. మంచినీళ్ళు పదిహేను బిందెలు. మిషను స్టాండుకు కొత్త బోల్టులు వేశాము. ఇకపై వదిలిన నీళ్ళు మరుగుదొడ్డికే.

కారు శనివారం వచ్చింది. మా వంతు డిసెంబరు చివరి దాకా లేదు, వంతు లేని ఇంటికి ఘాటు చీటీ కూడా లేదు. వేరే ఇల్లు ఎక్కించుకుంటే ఎక్కవచ్చు. మాస్టారు ఎక్కించుకుంటానన్నారు, కానీ ఆయన ఘాటు చీటీ బాతులకే అయిపోయింది. పాపకు నలభై తొమ్మిది రోజులు. ఫోనులో చూపిస్తున్నారు. ఫోనులో బరువు తెలియదు.

మృదులకు బాలింత కాయం చేశాను. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, పాత బెల్లం, నెయ్యి. సన్నగా దంచి మూడుసార్లు జల్లించాను. డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఎలా పంపాలో తెలియక మూడు రోజులుగా గట్టు మీదే ఉంది.

పొద్దున్న ఏడింటికి పైడితల్లి మూటలు కారులో సర్దించడం వరండాలోంచి చూశాను. నలభై నాలుగు రోజులుగా ఆమె గోడ మీదుగా ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్ళకు బిందె పెట్టి వెళ్తుంది, నిండాక తీసుకెళ్తుంది. ఈ రోజు ఘాటు చీటీ వాడుతోందని బిందె పెట్టేటప్పుడు మాస్టారితో అంటుంటే విన్నాను.

కారు మా గేటు దాటి, కాస్త ముందుకు పోయి ఆగింది. తలుపు తెరుచుకుంది. పైడితల్లి దిగలేదు. తల మాత్రం బయటికి పెట్టింది.

"కాయం వాసన మా ఇంటి దాకా వస్తంది మూడ్రోజుల్నుంచి. ఎవరికి సేసినావు, ఆ గోడకా?"

డబ్బా తెచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. ఎక్కమంటుందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. ఆమె నా మొహం చూసింది.

"నిన్ను మట్టుకు ఎక్కించను" అంది. "డబ్బా ఇలాగియ్యి. మృదులమ్మ సేతికే ఇస్తాను."

ఇచ్చాను. ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

"పాపను ఎత్తుకుని చూడు" అన్నాను. "ఎంత బరువుందో చెప్పు."

"సెప్తాను" అంది. డబ్బా మూత ఒకసారి నొక్కి చూసి, "వచ్చాక" అంది.

తలుపు మూసుకుంది. గతుకు మీదుగా పోతుంటే విన్నాను. ఏమీ లేదు. మలుపు తిరిగే దాకా వింటూనే నిలబడ్డాను.